డిస్క్ లేని ల్యాబ్ సిస్టమ్‌లకు ఐపీ అడ్రస్‌లు: సీటు నంబర్‌తో ముడిపెట్టడం

హార్డ్ డిస్క్ ఉన్న సిస్టమ్‌కు ఐపీ అడ్రస్ దొరక్కపోతే నెట్ ఒక్కటే పోతుంది. డిస్క్ లేనిదైతే అసలు బూటే అవ్వదు. నడుస్తుండగా అడ్రస్ చేజారితే ఉన్నచోటే బిగుసుకుపోతుంది, దాని రూట్ ఫోల్డర్ (సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండేది) ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే పద్ధతి) మీదుగా సర్వర్‌లో ఉంటుంది కాబట్టి. అందుకే ఇక్కడ అడ్రస్‌లు పంచే సర్వీస్ డీహెచ్‌సీపీకి దొరికిన అడ్రస్ పంచే స్వేచ్ఛ ఇవ్వకూడదు. ఏ మ్యాక్‌కు (నెట్‌వర్క్ కార్డుకు పుట్టుకతో వచ్చే నంబర్) ఏ ఐపీయో ముందే రాసిపెట్టాలి.

30 సిస్టమ్‌ల ల్యాబ్ అనుకుందాం. లైనక్స్ సర్వర్ మీద డీఎన్‌ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్ చాలు. డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ (బూట్ ఫైళ్లు పంపేది) రెండూ అదే చూసుకుంటుంది. సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులు కావాలి: ఒకటి కాలేజీ వైపు, ఒకటి ల్యాబ్ స్విచ్ వైపు. ల్యాబ్ కార్డుకు 192.168.67.1 మీరే పెట్టి, డీఎన్‌ఎస్‌మాస్క్ కాన్ఫిగ్‌లో ఇంటర్‌ఫేస్‌గా ఆ కార్డు పేరొక్కటే ఇవ్వండి. ఇది మరిచిపోతే మీ సర్వర్ కాలేజీ మొత్తానికీ అడ్రస్‌లు పంచుతుంది, ఫోన్లు మీకే వస్తాయి.

ముందు మ్యాక్‌లు పట్టాలి. తాత్కాలికంగా 192.168.67.200 నుంచి 250 వరకు రేంజ్ ఇచ్చి, డీహెచ్‌సీపీ లాగ్ ఆన్ చేసి, సిస్టమ్‌లను సీటు వరసలో ఒక్కొక్కటే ఆన్ చేయండి. లాగ్‌లో మ్యాక్‌లు అదే వరసలో పడతాయి. బూట్ తెర చూసి రాసుకోవద్దు, 8కీ బీకీ తికమక పడతారు. కాన్ఫిగ్‌లో ఒక్కో సిస్టమ్‌కు ఒక హోస్ట్ లైను: మ్యాక్, కామా, ఐపీ, కామా, పేరు. 7వ సీటుకు 192.168.67.107 ఇస్తే చార్టు వెతుక్కునే పని ఉండదు.

తర్వాత రేంజ్ లైనులో ఆ నంబర్లు తీసేసి, 192.168.67.0 పక్కన ‘స్టాటిక్’ (static) అని రాయండి. జాబితాలో లేని మ్యాక్‌కు ఇక అడ్రస్ రాదు. పాత లీజు ఫైల్‌ను (ఏ అడ్రస్ ఎవరికి ఎప్పటిదాకా ఇచ్చిందో ఉండేది) సర్వీస్ ఆపాకే తుడవండి. నడుస్తుండగా దిద్దితే మెమరీలో ఉన్నదే మళ్లీ రాసేస్తుంది.

లీజు గడువు 24 గంటలు పెట్టండి. కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) తానే డీహెచ్‌సీపీతో అడ్రస్ తీసుకుంటే దాన్ని రెన్యూ చేయదు. మామూలు రేంజ్‌లో గంట లీజు ఇస్తే, గంట తర్వాత అదే అడ్రస్ ఇంకొకరికి వెళ్లి ఇద్దరూ ఆగిపోవచ్చు. బూటయ్యాక ఆ కార్డును నెట్‌వర్క్ మేనేజర్ (లైనక్స్‌లో నెట్ సెట్టింగులు చూసే ప్రోగ్రామ్) ముట్టుకోకుండా కూడా చూడాలి.

పాత, కొత్త సిస్టమ్‌లు కలిసి ఉంటే బూట్ ఫైల్ ఒకటి సరిపోదు. సిస్టమ్ అడ్రస్ అడుగుతూ పంపే ఆప్షన్ 93లో 0 వస్తే బయోస్ (పాత రకం బూట్), 7 లేదా 9 వస్తే 64 బిట్ యూఈఎఫ్‌ఐ (కొత్త రకం). వేటి ఫైల్ వాటికివ్వండి.

తెర మీద పీఎక్స్‌ఈ-ఈ51 (నెట్‌వర్క్ బూట్ ఎర్రర్) అంటే జవాబే రాలేదు. కేబుల్ బాగుంటే స్విచ్‌ను అనుమానించండి: స్పానింగ్ ట్రీ (లూప్‌లు పడకుండా చూసే స్విచ్ ఏర్పాటు) పోర్టును దాదాపు 30 సెకన్లు ఆపుతుంది, ఈలోగా కార్డు విసిగిపోతుంది. సిస్టమ్‌ల పోర్టులకు ఈ ఆగడం లేకుండా చేసే పోర్ట్‌ఫాస్ట్ పెట్టండి. కరెంటు పోయి వచ్చినప్పుడూ ఇదే కథ, స్విచ్ లేవకముందే సిస్టమ్‌లు అడిగేస్తాయి. స్విచ్‌ను, సర్వర్‌ను యూపీఎస్ మీద ఉంచండి. ఈ53 అంటే అడ్రస్ వచ్చింది, బూట్ ఫైల్ పేరు రాలేదు. ఐపీ 192.168.67తో మొదలవ్వకపోతే ఎవరో వైఫై రౌటర్ తెచ్చి ల్యాబ్ స్విచ్‌లో గుచ్చారన్నమాట. ఈ32 అంటే టీఎఫ్‌టీపీ నుంచి జవాబు రాలేదు, ఫైర్‌వాల్‌లో యూడీపీ 69 చూడండి.

మదర్‌బోర్డు మారిస్తే మ్యాక్ మారుతుంది. ఆ సీటు ఒక్కదానికే ఈ51 వస్తే లాగ్‌లో కొత్త మ్యాక్ చూసి ఆ లైను దిద్దండి.