ఇంగ్లీషు పాఠం – 8: కష్టం నాదే, కానీ నేను కష్టం కాదు

పోయిన పాఠం చివర ఐదు వాక్యాలు ఇచ్చి ఇంగ్లీషులో రాయమన్నాను. మొదటిది చాలా చిన్నది: "పొద్దున్నే లేవడం నాకు కష్టం." మీ నోట్‌బుక్కుల ఫొటోలు ఒక్కొక్కటే తెరుస్తుంటే నా ముందున్న చాయ్ చల్లారిపోయింది. సగానికి పైగా మంది ఒక్కటే రాశారు.

"ఐ యామ్ డిఫికల్ట్ టు వేకప్ ఎర్లీ."

ఈ వారం "కానీ"తో వాక్యాలు కలపడం చెబుదామనుకున్నాను. చెబుతాను, కానీ ముందు ఈ గుంత పూడ్చాలి.

తప్పు ఎందుకు జరిగిందో నాకు తెలుసు. "నాకు తెలుసు" అంటే "ఐ నో". "నాకు కావాలి" అంటే "ఐ వాంట్". "నాకు ఆకలిగా ఉంది" అంటే "ఐ యామ్ హంగ్రీ". మూడుసార్లు "నాకు"ని "ఐ" చేస్తే మూడుసార్లూ సరిపోయింది. నాలుగోసారీ సరిపోతుందనుకున్నారు. అక్కడే కాలు జారింది. ఆకలి నా కడుపులో ఉంది కాబట్టి "ఐ యామ్ హంగ్రీ" కుదిరింది. కష్టం నాలో లేదు, లేవడం అనే పనిలో ఉంది. ఇంగ్లీషువాడు ఆ తీర్పును పని మీద వేస్తాడు, మనిషిని పక్కన నిలబెడతాడు:

"ఇట్ ఈజ్ హార్డ్ ఫర్ మి టు గెటప్ ఎర్లీ."

మన "నాకు" ఇక్కడ "ఫర్ మి" అయింది, అంతే. (నేను "హార్డ్" అనే అంటాను. "డిఫికల్ట్" దరఖాస్తుల్లో బాగుంటుంది, నోటికి బరువు.) "ఇట్" అంటే ఏమిటని నలుగురు అడిగారు. ఏమీ కాదు. కుర్చీ ఖాళీగా ఉండకూడదని వేసిన తువ్వాల అనుకోండి, ముందుకు పోదాం.

మరి మీరు రాసినదానికి అర్థం ఏమిటి? "ఐ యామ్ డిఫికల్ట్" అని ఆపితే నేను కొరకరాని కొయ్యను, నాతో వేగడం కష్టం అని. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆ మాట అన్నారంటే ఎదుటివాళ్ళు నమ్మేస్తారు. "ఐ యామ్ డిఫికల్ట్ టు వేకప్" అని కొనసాగిస్తే ఇంకా తమాషా. దేవరకొండ నుంచి ఒక చెల్లె అడిగింది, "సార్, ఇది గ్రామర్ తప్పా?" అని. కాదమ్మా, గ్రామర్ శుభ్రంగా ఉంది. కాకపోతే అర్థం "నన్ను నిద్ర లేపడం కష్టం" అని. అది మీ మాట కాదు, పొద్దున్నే నీళ్ళ చెంబు పట్టుకొని మంచం పక్కన నిలబడ్డ మీ అమ్మ మాట.

ఇక్కడ ఒక సూత్రం దొరుకుతుంది. నల్గొండ వాళ్ళకు నీళ్ళతో చెబితే మరిచిపోరు.

"ఇట్ ఈజ్ సేఫ్ టు డ్రింక్ దిస్ వాటర్."
"దిస్ వాటర్ ఈజ్ సేఫ్ టు డ్రింక్."

రెండూ ఒకటే. నీళ్ళు ముందుకు రావచ్చు, ఎందుకంటే నీళ్ళు తాగవు, నీళ్ళనే మనం తాగుతాం. పని ఎవరి మీద పడుతుందో వాళ్ళే ముందుకు రావాలి. పని చేసేవాళ్ళు "ఫర్" పట్టుకొని మధ్యలో నిలబడాలి. మర్రిగూడ వైపు బోర్ల గురించి "ది బోర్ వాటర్ వాజ్ డేంజరస్ టు డ్రింక్" అనొచ్చు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు తాగడానికి పనికిరావని బిఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. కానీ "ది పీపుల్ వర్ డేంజరస్ టు డ్రింక్" అన్నారో, జనాన్ని తాగితే ప్రమాదం అని అర్థం వస్తుంది. నవ్వకండి, మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక ఫొటోలో అచ్చంగా ఇదే ఉంది.

పోచంపల్లి చీర మీద కూడా చూడండి: "ఎ పోచంపల్లి సారీ ఈజ్ ఈజీ టు వేర్ బట్ హార్డ్ టు వీవ్." కట్టేదీ చీరనే, నేసేదీ చీరనే, కాబట్టి ముందుకు వచ్చింది. నేయకముందే దారాన్ని లెక్క ప్రకారం కట్టి రంగుల్లో ముంచాలి, కష్టం అందుకే.

"పాసిబుల్" మాత్రం ఈ లెక్కలోకి రాదు. దాని ముందు మనిషిని పెట్టొద్దు. "ఐ యామ్ నాట్ పాసిబుల్ టు కమ్ టుమారో" అని రోజూ వింటున్నాను. "ఇట్ ఈజ్ నాట్ పాసిబుల్ ఫర్ మి టు కమ్ టుమారో" అనండి. పొడుగనిపిస్తే "ఐ కాంట్ కమ్" అనండి. నేను అదే అంటాను.

ఇప్పుడు "కానీ".

అప్పు చేయడం తేలిక, తీర్చడం కష్టం. తెలుగులో "కానీ" లేకుండానే కుదిరింది. ఇంగ్లీషులో "బట్" పెట్టాలి: "ఇట్ ఈజ్ ఈజీ టు బారో, బట్ ఇట్ ఈజ్ హార్డ్ టు రిపే." రెండో "ఇట్ ఈజ్" తీసేయవచ్చు, నేనైతే తీసేస్తాను: "ఇట్ ఈజ్ ఈజీ టు బారో బట్ హార్డ్ టు రిపే." మొదట్లో "ఆల్దో" పెడితే "బట్" పెట్టొద్దు. మనం "అయినా కానీ" అంటాం కాబట్టి చేయి అటు పోతుంది. ఒకటి చాలు.

"బట్" తర్వాత ఏది వస్తే తూకం అటే మొగ్గుతుంది. బండి రిపేరుకిచ్చి "రేపటికి అవుతుందా?" అని అడిగారనుకోండి. మెకానిక్ "ఇట్ ఈజ్ హార్డ్ బట్ పాసిబుల్" అంటే అడ్వాన్స్ ఇచ్చి రండి. "ఇట్ ఈజ్ పాసిబుల్ బట్ హార్డ్" అంటే బస్సు టైమ్ కనుక్కోండి. అవే మాటలు, వరుసే మారింది.

అలాగే మన "చాలా" ఒకటే, ఇంగ్లీషులో రెండు. "వెరీ హార్డ్" అంటే చాలా కష్టం, అయినా తలుపు తెరిచే ఉంది. "టూ హార్డ్" అంటే తలుపు మూసేశారు. "ఇట్ ఈజ్ టూ హాట్ టు గో అవుట్" అంటే మే నెల మధ్యాహ్నం బయటికి పోలేం అని. ఆ "పోలేం" అనేది "టూ"లోనే ఉంది, మళ్ళీ "నాట్" చేర్చకండి.

ఇక నాకు ఒళ్ళు మండే విషయానికి వస్తాను: "ఫర్", "ఆఫ్". దీనికి కారణం నా సొంత గాయమే. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో చెల్లెలి పెళ్ళికి సెలవు అడుగుతూ మా పై ఆయనకు ఉత్తరం రాశాను. చివర మర్యాదగా ఉంటుందని ఒక ముక్క చేర్చాను: "ఇట్ ఈజ్ వెరీ గుడ్ ఫర్ యు టు సాంక్షన్ మై లీవ్." ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి, "బెదిరిస్తున్నవా?" అన్నారు. నేను రాసిందానికి అర్థం "నా సెలవు మంజూరు చేయడం మీకే మంచిది" అని. "మీ మంచితనం" అనాలంటే "ఇట్ ఈజ్ వెరీ గుడ్ ఆఫ్ యు". రెండక్షరాలు. సెలవు దొరికింది గాని పెళ్ళి పందిట్లో కూడా ఆ మాటే గుర్తొచ్చింది.

పరీక్ష ఇలా చేయండి. ఆ గుణాన్ని నేరుగా మనిషికి అంటించి చూడండి. "యు ఆర్ కైండ్" బాగుంది, కాబట్టి "ఇట్ వాజ్ కైండ్ ఆఫ్ యు టు వెయిట్". కేర్‌లెస్, రూడ్, ఫూలిష్, జెనరస్, క్లెవర్ అన్నీ ఇంతే, "ఆఫ్". "యు ఆర్ నెసెసరీ" ఇక్కడ అతకదు, చెప్పదలచుకున్నది వెళ్ళడం అవసరమని. కాబట్టి "ఇట్ ఈజ్ నెసెసరీ ఫర్ యు టు గో". ఈజీ, హార్డ్, పాసిబుల్ కూడా "ఫర్". "గుడ్", "రాంగ్" రెండువైపులా పోతాయి, నన్ను ముంచింది అందుకే.

అయితే "ఆఫ్" వేశారంటే తీర్పు మనిషి నెత్తిన పడ్డట్టే. "ఇట్ వాజ్ ఫూలిష్ ఆఫ్ యు టు సైన్" అంటే సంతకం పెట్టిన నువ్వు తెలివితక్కువవాడివి అని. తమ్ముణ్ణి అనొచ్చు, మామను అనలేం. పెద్దవాళ్ళ దగ్గర "ఆఫ్ యు" ఎత్తేయండి: "ఇట్ వాజ్ నాట్ వైజ్ టు సైన్." సంతకం తప్పయింది, మామ క్షేమంగా ఉన్నాడు. మన ఊళ్ళల్ల కూడా "నువ్వు తప్పు చేసినవ్" అనకుండా "గట్ల చేసుడు మంచిగ లేదు" అంటారు కదా, అచ్చం అదే. వినేవాడికి ఎవరి గురించో తెలుసు, అన్నవాడు మాత్రం ఎవరినీ అనలేదు.

అన్నట్టు, కలిసినప్పుడు "నైస్ టు మీట్ యు", విడిపోయేటప్పుడు "నైస్ మీటింగ్ యు". రెండూ "ఇట్ ఈజ్", "ఇట్ వాజ్" తోక కోసిన వాక్యాలే.

అభ్యాసం. ఈసారి వాక్యాలు నేను ఇవ్వను, ఒక్క రెండు తప్ప. రేపు బస్సులోనో హోటల్లోనో గంటసేపు చెవులు రిక్కించి కూర్చోండి. కష్టం, తేలిక, మంచిది, తప్పు, అవసరం అన్న మాటలు దొర్లిన పది వాక్యాలు ఉన్నదున్నట్టు రాసుకోండి. ఒక్కోదానికి ఇంగ్లీషు రాసి, పక్కన తీర్పు పని మీద పడిందా, మనిషి మీద పడిందా రాయండి. ఎనిమిది తప్పయినా పంపండి.

నేనిచ్చే రెండు. "నమ్మడం కష్టం కానీ నిజం: 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చెట్టుకు చెదల మందును సెలైన్ సీసాలతో ఎక్కించారు." రెండోది పాతదే: "పొద్దున్నే లేవడం నాకు కష్టం." ఈసారి మీ అమ్మ తరఫున కాకుండా మీ తరఫున రాయండి.