ఊరు కనిపించిందని తొందరపడకండి: ఇటలీ తీరంలో నడకకు జాగ్రత్తలు

2019 ఆగస్టులో దక్షిణ ఇటలీలోని చిలెంటో తీరాన ఒంటరిగా నడుస్తున్న ఫ్రెంచి యువకుడొకడు పడిపోయి కాళ్లు విరగ్గొట్టుకున్నాడు. అత్యవసర నంబరుకి ఫోన్ చేయగలిగాడు గానీ ఎక్కడున్నాడో చెప్పలేకపోయాడు. తొమ్మిది రోజులకు శవం దొరికింది. గైడు ఉన్నాడు, పదిమందితో కలిసి వెళ్తున్నాం, మనకేం కాదు అనుకునేవాళ్లకే ఈ జాగ్రత్తలు. ఎందుకంటే గుంపు చెదిరే చోటు ఒకటుంది: ఊరు కంటపడిన చోటు.

సన్‌స్క్రీన్, పాస్‌పోర్టు జిరాక్సులు, జేబుదొంగల గురించి అందరూ చెప్తారు. వదిలేద్దాం.

బుక్ చేసే ముందు

బ్రోచర్‌లో ‘ఈజీ’, ‘మోడరేట్’ అని ఉంటుంది. ఆ మాటను లెక్కలోకి తీసుకోవద్దు. రోజుకి ఎన్ని మీటర్లు ఎక్కాలి, ఎన్ని మీటర్లు దిగాలి అని అడగండి. కిలోమీటర్లు మోసం చేస్తాయి: వాయవ్య తీరంలోని ఐదు ఊళ్ల చింక్వే టెర్రేలో మాంటెరోసో నుంచి వెర్నాజాకి మూడున్నర కిలోమీటర్లే, కానీ దాదాపు రెండు గంటల నడక, అందులో బోలెడన్ని మెట్లు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్తుంటే దిగే లెక్కే ముఖ్యం. ఆ ఐదింట్లోనే ఒకటైన కార్నిలియాలో రైలు దిగితే ఊళ్లోకి ఎక్కడానికి 380 దాకా మెట్లున్నాయి. బస్సు కూడా ఉంది, దానికోసం ఆగండి.

షెంగెన్ వీసాకి 30,000 యూరోల పాలసీ తీసుకున్నాం కదా అని ఊరుకోవద్దు. ట్రెక్కింగ్, కొండమీంచి రక్షించి తెచ్చే ఖర్చు అందులో ఉన్నాయో లేదో చదవండి.

కాళ్లకు

గట్టి పట్టున్న బూట్లు, కనీసం రెండు వారాలు వాడినవి. లేసు బిగించాక వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి. చింక్వే టెర్రే బాటల మీద చెప్పులేసుకుని నడిస్తే జరిమానా ఉంది. లక్షల మంది తొక్కి నున్నబడిన రాళ్లవి, కాస్త తడి తగిలితే చాలు.

ఊరు కనిపించినప్పుడు

అసలు విషయం ఇదే. గంటన్నర ఎండలో నడిచాక మలుపు తిరగగానే కింద వెర్నాజా కనిపిస్తుంది: రంగురంగుల ఇళ్లు, పడవలు. పది నిమిషాల్లో చేరిపోతాం అనిపిస్తుంది. సీసాలో మిగిలిన నీళ్లన్నీ తాగేస్తారు, గైడుని దాటేస్తారు, అడుగు వేగం పెంచుతారు. కానీ బాట నేరుగా దిగదు. వాగులు కోసిన ప్రతి లోయలోకీ వెళ్లి తిరిగొస్తుంది, చివర్న నిటారు మెట్లు. అలసిన తొడలు దిగుడులో వణుకుతాయి, చూపు పడవల మీద ఉంటుంది, పాదం బెణుకుతుంది.

దక్షిణాన అమాల్ఫీ తీరం పైనున్న కొండల్లో ‘దేవతల బాట’లోనూ ఇంతే. కింద పొసిటానో ఊరు చాలాసేపు కనిపిస్తూనే ఉంటుంది. బాట అయిపోయే నొచెల్లె అనే పల్లె నుంచి కిందికి ఇంకా దాదాపు 1,700 మెట్లు. మోకాళ్లు పట్టేస్తే నొచెల్లెలో బస్సెక్కండి, సిగ్గేమీ లేదు.

ఇంకా ఘోరం అడ్డదారి. కొండవాలున మెట్లుమెట్లుగా ఉన్న ద్రాక్షతోటల మడులకు అడ్డంగా దిగితే దగ్గర అనిపిస్తుంది. ఆ మడుల్ని నిలిపే గోడలు సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చినవి. సాగు మానేసిన మడుల్లో అవి వదులైపోయి ఉంటాయి. పైరాయి మీద కాలేస్తే రాయితో సహా కిందికి పోతారు.

ఊరు కనిపించిందా, ఆగండి. ఐదు నిమిషాలు కూర్చోండి. రెండు గుక్కలు తాగండి. లేసులు బిగించండి. కర్రలుంటే కాస్త పొడవు పెంచండి. ఫోటో అక్కడే తీసుకోండి, మెట్ల మీద కాదు. గైడుని ‘ఇంకా ఎన్ని నిమిషాలు’ అని అడగండి, కళ్లని అడగొద్దు.

మిగతావి

– మనిషికి రెండు లీటర్లు. అందులో అర లీటరు ఊళ్లో కాలు పెట్టేదాకా ముట్టుకోవద్దు. ఊరు కనిపించినా సరే.
– ‘నాన్ పొటాబిలే’ (తాగడానికి పనికిరాదు) అని రాసిన కుళాయి నీళ్లు తాగొద్దు.
– ఓఆర్ఎస్ పొట్లాలు ఇక్కడినుంచే పట్టుకెళ్లండి.
– జూలై, ఆగస్టుల్లో హోటల్ టిఫిన్ కోసం ఆగితే తొమ్మిదిన్నర అవుతుంది. ముందురోజే ఫొకాచియా రొట్టె కొనిపెట్టుకుని ఏడింటికి బయల్దేరండి.
– గైడుని దాటొద్దు. వెనక ఎవరున్నారో చూడకుండా మలుపు తిరగొద్దు.
– బాట చూపే ఎరుపు-తెలుపు గుర్తు చివరిసారి కనపడి పది నిమిషాలు దాటిందా, వెనక్కి రండి.
– ‘వేర్ ఆర్ యు’ యాప్ ఫోన్లో వేసుకోండి. దాంట్లోంచి అత్యవసర నంబరు 112కి చేస్తే మీరున్న చోటు వాళ్లకి చేరుతుంది.
– దసరా సెలవుల్లో వెళ్లేవాళ్లు రోజూ పొద్దున వాతావరణ హెచ్చరిక చూడండి. ఆరెంజ్, రెడ్ ఉంటే నడక లేదు, డబ్బు కట్టేసినా లేదు. 2011 అక్టోబరు 25న వరద, మట్టి కలిసి వెర్నాజా, మాంటెరోసో వీధుల్ని ముంచేశాయి. వెర్నాజా పెద్దవీధి కిందే వాగు ఉంది.
– మూసిన బాట గేటు దూకొద్దు. 2012లో చింక్వే టెర్రేలోని వయా డెల్ అమోరే బాట మీద రాళ్లు పడి నలుగురు గాయపడ్డారు, ఆ బాట 2024 దాకా పూర్తిగా తెరుచుకోలేదు.
– అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. ఆ రోజు నుంచి సాయంత్రం ఐదు దాటితే చీకటే. తలలైటు సంచిలో ఉండాలి.
– ఎవరైనా పడితే లేపి నడిపించొద్దు. గైడుని పిలవండి.
– ఊరు కనిపిస్తోందని పిల్లల్ని పరిగెత్తనివ్వొద్దు.