ఎడిట్ రూమ్‌లో నలుగురు కలిసి పని చేసేటప్పుడు ఫైళ్లు ఎలా సర్దుకోవాలి

షూటింగ్ నుంచి మొదటి మెమరీ కార్డు వచ్చిన రోజే సగం పని తేలిపోతుంది. నేను అసిస్టెంట్‌గా ఉన్నప్పుడు ఒక సినిమాకి రెండు కార్డుల్లో ఒకే పేరున్న క్లిప్పులు వచ్చాయి, తొందరలో రెండూ ఒకే ఫోల్డర్‌లో వేస్తే ఒకదాని మీద ఇంకొకటి పడి ఒక షాట్ పోయింది, కార్డు అప్పటికే ఫార్మాట్ చేసేశారు, ఆ షాట్ మళ్లీ తీయాల్సి వచ్చింది. అందుకే ఫోల్డర్ ముందు షూటింగ్ రోజు, దాని లోపల కెమెరా, ఆ లోపల కార్డు నంబరు, ఇదే వరుసలో పెట్టండి. సౌండ్ కూడా అంతే. కెమెరా ఇచ్చిన క్లిప్ పేరు మాత్రం ఎప్పుడూ మార్చకండి, ఎందుకంటే చివర్లో డీఐలో (రంగులు సరిచేసి చివరి కాపీ తయారుచేసే దశ) ఒరిజినల్స్‌ని మళ్లీ కలిపేది ఆ పేరు, టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకీ ఉండే టైమ్ నంబరు) చూసే.

కాపీ చేసేటప్పుడు మౌస్‌తో లాగి వదిలేయడం వద్దు. చెక్‌సమ్ (కాపీ ఒరిజినల్‌తో అచ్చంగా సరిపోయిందో లేదో తేల్చే నంబరు) సరిచూసే సాఫ్ట్‌వేర్ వాడండి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో ఉండే క్లోన్ టూల్ కూడా ఆ పని చేస్తుంది. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, అందులో ఒకటి ఆఫీసు బయట ఉండాలి. కార్డు ఫార్మాట్ చేయొచ్చని చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి, వాళ్లు సరిచూశాకే చెప్పాలి.

తర్వాత ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి వాడే తేలికైన కాపీలు. పేరు, టైమ్‌కోడ్, ఫ్రేమ్ రేట్, ఆడియో ఛానళ్లు ఒరిజినల్‌తో సరిపోవాలి. ఫ్రేమ్ రేట్ సంగతి షూటింగ్‌కి ముందే కెమెరామన్‌నీ సౌండ్ వాళ్లనీ అడిగి రాసి పెట్టుకోండి. సెకనుకి 24 ఫ్రేములు, 23.976 ఫ్రేములు రెండూ చూడటానికి ఒకటే అనిపిస్తాయి కానీ వాటిని కలిపేస్తే గంటకి 3.6 సెకన్ల తేడా వస్తుంది, పెదాలు ఒకటి చెప్తే మాట ఇంకొకటి వినిపిస్తుంది. సింక్ అయ్యాక (బొమ్మా సౌండూ కలిశాక) సీన్ల వారీగా బిన్లు (ప్రాజెక్ట్ లోపలి ఫోల్డర్లు) కట్టి, అసిస్టెంట్ డైరెక్టర్ ఇచ్చిన రిపోర్ట్ చూసి ఓకే టేకులకి రంగు వేయండి. ఎన్‌జీ (బాగాలేదని పక్కన పెట్టిన) టేకులు తీసేయకండి, ఒక్కోసారి కావాల్సిన చూపు వాటిలోనే దొరుకుతుంది.

ఒకే ప్రాజెక్ట్ ఫైల్‌ని ఇద్దరు కాపీ చేసుకుని ఎవరికి వాళ్లు పని చేయడం మాత్రం అస్సలు వద్దు. ప్రీమియర్‌లో ప్రొడక్షన్స్, ఎవిడ్‌లో బిన్ లాకింగ్, రిజాల్వ్‌లో మల్టీ యూజర్ ప్రాజెక్ట్ ఉన్నవి ఇందుకే: ఒకరు తెరిచి పని చేస్తుంటే ఇంకొకరు అందులో మార్చలేరు. చిన్న టీమ్ అయితే రీలుకి (సినిమాని విడగొట్టిన ఒక్కో భాగానికి) ఒకరు చొప్పున పంచుకున్నా చాలు. డైరెక్టర్ చూసిన ప్రతిసారీ టైమ్‌లైన్ కాపీ తీసి నంబరు పెంచండి, రీల్ 2 వెర్షన్ 7, తర్వాత 8. 'ఫైనల్' అనే మాట ఏ ఫైల్ పేరులోనూ రానివ్వకండి.

మార్పులు డైరెక్టర్ దగ్గర నుంచి, నిర్మాత దగ్గర నుంచి, రాత్రి పదకొండుకి వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో, ఇలా అన్ని వైపుల నుంచీ వస్తాయి. అన్నీ ఒకే షీట్‌లో టైమ్‌కోడ్‌తో ఎక్కించే బాధ్యత అసోసియేట్ ఎడిటర్‌కి ఇవ్వండి, షీట్‌లో లేని మార్పు ఎవరూ చేయకూడదు. చూపించే వీడియో మీద టైమ్‌కోడ్, వెర్షన్ నంబరు కనపడేలా వేస్తే 'ఆ రెండో షాట్ కొంచెం తగ్గించు' అంటే ఏ షాట్ అనే గొడవ ఉండదు.

అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది లాక్ దగ్గర, అంటే కట్ ఇక ఇదే అని ఖరారు చేసే చోట. లాక్ తర్వాత డబ్బింగ్, ఎఫెక్ట్స్, ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం), సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్), డీఐ అన్నీ ఆ నిడివి మీదే నడుస్తాయి, నాలుగు ఫ్రేములు తీసినా అందరి పనీ అంత మేర పక్కకి జరిగిపోతుంది. సౌండ్ వాళ్లకి హ్యాండిల్స్‌తో (ప్రతి ముక్కకీ ముందూ వెనకా కొంచెం అదనపు సౌండ్) ఏఏఎఫ్ (టైమ్‌లైన్‌ని సౌండ్ సాఫ్ట్‌వేర్‌కి అందించే ఫైల్), 48 కిలోహెర్ట్జ్ ఆడియో, టైమ్‌కోడ్ వేసిన రిఫరెన్స్ వీడియో పంపండి. మొదటి ఫ్రేమ్‌కి సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒక ఫ్రేమ్ బీప్ ఉండాలి, సింక్ తప్పిందా లేదా అన్నది దానితోనే తెలుస్తుంది. డీఐకి వాళ్లు అడిగిన ఎక్స్‌ఎమ్‌ఎల్ లేదా ఈడీఎల్ (కట్ల వివరాలుండే ఫైల్) ఇచ్చే ముందు షాట్లన్నీ వీలైనంత వరకు ఒకే ట్రాక్ మీదకి దించి, స్పీడ్ మార్చిన షాట్ల లిస్టు విడిగా రాయండి. లాక్ తర్వాత తప్పక మార్చాల్సి వస్తే ఏ రీలు, ఎక్కడ, ఎన్ని ఫ్రేములు అని రాసి అదే రోజు అందరికీ పంపండి.

లాక్‌కి పది రోజుల ముందే ఒక రీలుని ట్రయల్‌గా సౌండ్‌కీ డీఐకీ పంపి చూడండి. ఏదైనా తెరుచుకోకపోతే సరిచేసుకోవడానికి అప్పుడు టైమ్ ఉంటుంది, రిలీజ్ డేట్ ప్రకటించాక ఉండదు.