లంచ్ తర్వాత క్లాసులో కూడా పాఠం వినాలంటే

ఘట్‌కేసర్ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ చెబుతాను. ధ్యాస ఎందుకు నిలవడం లేదని అడిగితే పిల్లలందరూ ఫోన్ మీదే నెడతారు. నేను నమ్మను. బోర్డు దగ్గర నిలబడితే చివరి బెంచీ దాకా కనిపిస్తుంది. పాఠం ఏదో ఒక మెట్టు దగ్గర తెగుతుంది, ఆ తర్వాతే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. ఫోన్ బ్యాగులో వేసుకోండి, మంచిదే. కానీ తెగేది తెగుతూనే ఉంటుంది.

ఫోరియర్ సిరీస్‌నే తీసుకోండి, అంటే ఒక సిగ్నల్‌ని సైన్, కొసైన్ తరంగాల మొత్తంగా రాయడం. రెండు వేర్వేరు హార్మోనిక్స్‌ని (ఆ మొత్తంలోని తరంగాల్ని) గుణించి సిగ్నల్ ఒక పూర్తి ఆవర్తనం (పీరియడ్) మీద ఇంటిగ్రేట్ చేస్తే సున్నా వస్తుంది. ఈ ఒక్క మాట చెవిన పడకపోతే, బోర్డు మీద అన్ని పదాలూ (టర్మ్స్) పోయి ఒక్కటే ఎందుకు మిగిలిందో తెలియదు. అక్కడి నుంచి నేను చెప్పేదంతా గోలే. గోలను గంటసేపు వినడం ఎవరి వల్లా కాదు.

కాబట్టి తెగిన చోట నోట్స్‌లో పెద్ద ప్రశ్నార్థకం పెట్టండి. "సరే, ఇది సున్నా అనుకుందాం" అని ప్రస్తుతానికి ఒప్పుకుని ముందుకు వచ్చేయండి. అక్కడే ఆగి తల పట్టుకుంటే తర్వాతి మెట్లు కూడా పోతాయి. ఆ ప్రశ్న క్లాసయ్యాక కారిడార్‌లో అడగండి. క్లాసులోనే అడిగితే ఇంకా మేలు. ఒకరు "మేడమ్, అది సున్నా ఎందుకు?" అనగానే వాలిపోయిన తలలు చాలా లేస్తాయి.

నోట్స్‌కి కార్నెల్ పద్ధతి వాడండి. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ అనే ఆచార్యుడు ప్రచారంలోకి తెచ్చింది. పేజీకి ఎడమవైపు సన్నటి గడి, కుడివైపు వెడల్పుది, అడుగున కొన్ని లైన్లు ఖాళీ. కుడివైపు పాఠం, ఎడమవైపు మీ ప్రశ్నలు, అడుగున సాయంత్రం రాసుకునే సారాంశం. బోర్డు మీద ఉన్నదంతా ఎక్కించుకోవద్దు, "ఎందుకు" అన్నది మాత్రం వదలొద్దు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లయితే దాన్ని తెలుగులోనే రాసుకోండి: "ఈవెన్ ఫంక్షన్ కాబట్టి సైన్ పదాలు పోయాయి." పరీక్షకి ఇంగ్లీషు తర్వాత చూసుకోవచ్చు. ఇక బోర్డు ఫోటో తీసుకునేవాళ్లు ఆ క్షణం నుంచి వినడం మానేస్తారు, రోజూ చూస్తున్నాను.

కూర్చునే చోటు కూడా చూసుకోండి. చప్పుడు చేసే ఫ్యాన్ కింద నా మాట సగమే వినిపిస్తుంది.

ముందే చదివి రమ్మని నేను చెప్పను, ఎవరూ చదవరు. మియాపూర్, కూకట్‌పల్లి నుంచి కాలేజీ బస్సులో వచ్చేవాళ్లు దారంతా నిద్రపోతారు, పోనీండి. దిగే ముందు మాత్రం కిందటి క్లాసు చివరి పేజీ ఒకసారి తిప్పండి. నేను మొదలుపెట్టేది అక్కడి నుంచే.

మధ్యాహ్నం మత్తుకి బాక్సులోని పులిహోరను తిట్టక్కర్లేదు. తిన్నా తినకపోయినా ఆ వేళ శరీరం కాస్త మందగిస్తుంది. కడుపు నిండా తింటే ఎక్కువవుతుంది, అంతే. సగం తిని, మిగతాది సాయంత్రం బస్సులో తినండి. లంచ్ తర్వాత చాయ్ ఫరవాలేదు. సాయంత్రం ఏడింటికి ఇరానీ హోటల్లో తాగేదానితోనే చిక్కు. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి నిద్ర పట్టదు, మర్నాడు క్లాసులో పడుతుంది.

స్లైడ్లు చదివి వెళ్లిపోయే క్లాసులూ ఉంటాయి, మాలోనే ఉన్నారు అలాంటివాళ్లు. 75 శాతం అటెండెన్స్ కోసం అక్కడ కూర్చోక తప్పదు. కోఠిలో కొన్న పాత టెక్స్ట్‌బుక్ తెరిచి, స్లైడ్ మీద నడుస్తున్న టాపిక్‌లోనే ఒక ఉదాహరణ లెక్క చేసుకోండి. వేరే సబ్జెక్టు రికార్డు మాత్రం రాయొద్దు. అదే టాపిక్‌లో ఉంటే, లెక్క ఆగిన చోట స్లైడ్ మీద మాటేదో అందుకోవచ్చు.