గినీ పిగ్ పెంపకం, 5వ పాఠం: ముక్కు కాదు, డొక్క చూడండి

పోయిన పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. కొత్తగా తెచ్చిన పిల్ల నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి రాసుకోండి అన్నాను. ఈసారి మందుల సంగతి మొదలుపెడదామనుకుంటే మీరు పంపిన అంకెలు అడ్డం పడ్డాయి. పాలకొల్లు నుంచి 210 వచ్చింది. అమలాపురం నుంచి 260. రాజోలు నుంచి ఒకావిడ రాత్రి పదకొండింటికి, "మేస్టారూ, లెక్క అందట్లేదు, మెషిన్‌లా కొట్టుకుంటోంది, పిల్ల దక్కుతుందంటారా?" అని అడిగారు. భీమవరం కుర్రాడొకడు సున్నా రాశాడు. ఊపిరి కనబడలేదట. పిల్ల మాత్రం కొత్తిమీర తింటోందట!

ముందు టెన్షన్ పడటం మానండి. 210, 260 అన్నవాళ్లు లెక్కపెట్టింది ముక్కుని. వాసన పట్టడానికి గినీ పిగ్ ముక్కు ఆడుతూనే ఉంటుంది, అది ఎన్నిసార్లు ఆడిందన్నది ఊపిరి లెక్క కాదు. ఇంకొందరు పిల్లని చేతిలోకి తీసుకుని ఛాతీ కింద వేలు పెట్టి లెక్కపెట్టారు. వేలికి తగిలింది గుండె. ఆ గుండె మామూలుగానే నిమిషానికి 230 నుంచి 380 సార్లు కొట్టుకుంటుంది. రాజోలు అమ్మగారికి దొరికింది అదే. ఆవిడ పిల్లకి ఏమీ కాలేదు.

ఊపిరి కనబడేది డొక్కలో. పక్కటెముకలు అయిపోయి వెనక కాలు మొదలయ్యే లోపల ఉండే మెత్తటి చోటు అది. పిల్లని పట్టుకోకండి, పిలవకండి, పంజరం తలుపు తీయకండి. తిని కూర్చుని, కళ్లు సగం మూసి ఉన్నప్పుడు పక్క నుంచి చూడండి. బొచ్చు పొడుగ్గా ఉండే రకమైతే వెలుతురు ఏటవాలుగా పడేలా కూర్చోండి, అప్పుడు బొచ్చు లేచి పడటం తెలుస్తుంది. లేచి పడితే ఒకటి. 15 సెకన్లు లెక్కపెట్టి 4తో హెచ్చవేయండి. 40 నుంచి 100 మధ్య వస్తే బాగున్నట్టే. చిన్న పిల్లలు పై అంచుకి దగ్గరగా ఉంటాయి.

నేను కళ్లతో లెక్కపెట్టను. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి 15 సెకన్లు తీసి, తర్వాత తీరిగ్గా చూసి లెక్కపెడతాను. పోయిన వారం వీడియో పక్కన ఈ వారం వీడియో పెట్టి చూడొచ్చు. డాక్టర్ గారికి చూపించడానికీ అదే పనికొస్తుంది. వాళ్ల బల్ల మీద పెట్టేసరికి పిల్ల బెదిరిపోతుంది, అక్కడ లెక్కపెడితే వచ్చే అంకెకి విలువ లేదు.

అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి గది ఉడికిపోతున్నప్పుడు 130 వచ్చిందంటే అది జబ్బు కాకపోవచ్చు, ఉక్కపోత కావచ్చు. ఇది ఆండీస్ కొండల జంతువు. దానికి హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీలు, 28 దాటితే అవస్థ మొదలవుతుంది. మన డెల్టాలో ఎండకి తోడు గాలిలో చెమ్మ. గదిలో ఉన్న అన్నిటికీ ఒకేసారి ఊపిరి పెరిగి, చల్లటి గచ్చు మీదకి మార్చగానే అరగంటలో దిగిందంటే అది వేడి. ఒక్కదానికే పెరిగి, చల్లబడ్డాక కూడా దిగలేదంటే జబ్బు అనుకోవాలి. దిగకపోగా పక్కకి వాలిపోతే వేడైనా సరే డాక్టర్ పనే.

ఊపిరి తీరు కూడా చూడండి. పసిపిల్లలకి నెమ్ము చేసినప్పుడు డొక్కలు ఎగరేస్తారని మీకు తెలుసు. ఇక్కడా అంతే. ప్రతి ఊపిరికీ డొక్క లోపలికి గుంజుకుపోతున్నా, ముక్కుపుటాలు విచ్చుకుంటున్నా, మెడ ముందుకి చాచి కూర్చున్నా లెక్క అక్కర్లేదు, బయల్దేరండి. గినీ పిగ్ ముక్కుతోనే ఊపిరి తీసే జీవి. నోరు తెరిచిందంటే జబ్బు చాలా దూరం పోయినట్టే. ఇంకో పరీక్ష, దాని పక్కకి చెవి ఆనించి వినండి. మీ చెవి దగ్గర నాలుగు వెంట్రుకలు వేళ్ల మధ్య రుద్దితే ఎలా చిటచిటలాడతాయో అలాంటి చప్పుడు వస్తే ఊపిరితిత్తుల్లో తేడా ఉంది.

కంటి నుంచి పాలలాంటి తెల్లటి నీరు వస్తోందని ముగ్గురు రాశారు. అది ముఖం కడుక్కునే నీళ్లు. కంటిలోంచి రాగానే ముందు కాళ్లతో మొహమంతా రాసుకుంటుంది, ఆరోగ్యంగా ఉన్నట్టే. కంటి చుట్టూ పొక్కు కట్టినా, ముక్కు దగ్గర తడి అంటుకున్నా, ముందు కాళ్ల లోపలి వైపు బొచ్చు ఉండకట్టినా అప్పుడు అనుమానించాలి. ముక్కు కారేది ఆ కాళ్లకే తుడుచుకుంటుంది మరి. గడ్డి దుమ్ముకి రోజులో ఒకటి రెండు తుమ్ములు లెక్కలోకి రావు.

కొత్తగా తెచ్చిన పిల్లకే ఈ ఊపిరి జబ్బు ఎక్కువ ఎందుకంటే, మూడు వారాల పిల్లని తల్లి దగ్గర నుంచి తీస్తారు. అట్టపెట్టెలో పెట్టి బస్సెక్కిస్తారు. షాపులో కుందేళ్ల పక్కన, ఒక్కోసారి కుందేళ్లతోనే కలిపి పెడతారు. బోర్డెటెల్లా అనే బాక్టీరియా కుందేళ్లలోనూ కుక్కల్లోనూ ఏ లక్షణమూ చూపించకుండా ఉండగలదు. అదే గినీ పిగ్‌కి అంటితే న్యుమోనియా. స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే అనే ఇంకో సూక్ష్మజీవి కూడా ఇలాగే కాచుకుని ఉంటుంది. బెదురు, ప్రయాణం, సరిగా తినకపోవడం కలిసేసరికి ఇంటికి వచ్చిన వారం పది రోజుల్లో బయటపడుతుంది. అందుకే కొత్త పిల్లని మూడు వారాలు వేరే గదిలో ఉంచమనేది. పాతవాటికి ముందు మేత వేసి, కొత్తదానికి ఆఖర్న వేసి, చేతులు కడుక్కోండి. ఇంట్లో కుందేలు ఉంటే వేరు చేయండి. ఒకదాన్ని ఒకటి ముద్దు చేస్తున్నాయని ఫొటోలు పంపకండి, నాకు నచ్చవు.

పంజరం శుభ్రం గురించి చెప్పేదేముంది, మీకు తెలిసిందే. ఒక్క మాట. మీ ముక్కు పంజరం నేల దాకా వంచి వాసన చూడండి, పిల్ల ముక్కు ఉండేది అక్కడే. నిలబడి ఉన్న మీకు మూత్రం వాసన తగిలే వేళకి ఆ అమ్మోనియాలో అది ఎప్పటి నుంచో పడుకుని ఉంది. ఊక పరచకండి. మన దగ్గర రైస్ మిల్లు పక్కనే ఉంటుంది, ఊరికే దొరుకుతుంది, నాకూ తెలుసు. దాని దుమ్ము ముక్కులోకి, మొనలు కళ్లలోకి పోతాయి. కొబ్బరి పీచు పొట్టు, రంపపు పొట్టు కూడా వద్దు. పాత నూలు తువ్వాళ్లు మూడు ఉంటే చాలు, ఒకటి కింద, ఒకటి తీగ మీద, ఒకటి నానుతూ. వర్షాకాలంలో గడ్డిమేటు లోంచి లాగిన వరిగడ్డి ముక్క వాసన కొడితే గేదెకి కూడా వేయకండి. సాంబ్రాణి పొగ, దోమల చక్రం, కర్పూరం ఆ గదిలో వద్దు. దోమలకి పంజరం మీద దోమతెర కప్పండి.

విటమిన్ సి మనలాగే ఇదీ ఒంట్లో తయారుచేసుకోలేదు. కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, జబ్బులో ఇంకాస్త. పావుకిలో పిల్లకి వేలి కణుపంత జామ ముక్కో, అంతకి రెండింతల ఎర్ర క్యాప్సికమ్ ముక్కో సరిపోతుంది. నీళ్లలో చుక్కలు కలపకండి, అందులో అది నిలవదు.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే సంగతి. తణుకు నుంచి వచ్చిన ఉత్తరంలో ఇలా ఉంది: "పిల్ల తుమ్ముతోందండీ, మా బాబుకి జలుబు చేసినప్పటి సిరప్ ఫ్రిజ్‌లో సగం ఉంది, రెండు చుక్కలు పోశాం, తుమ్ములు తగ్గాయి." ఏం సిరప్ అని అడిగితే అమాక్సిసిలిన్, పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్.

తుమ్ములు తగ్గుతాయి. నాలుగైదు రోజులకి చాలాసార్లు పిల్ల పోతుంది. జలుబు తగ్గిపోయాక విరేచనాలై పోయింది కాబట్టి ఆ చావు మందు ఖాతాలో పడదు, "ఏదో తేడా ఆకు తిన్నట్టుంది" అంటారు. జరిగేది ఇది. గడ్డి అరగడానికి దాని పేగులో, ముఖ్యంగా సీకమ్ అనే పెద్ద సంచిలో, మంచి బాక్టీరియా బోలెడు కాపురముంటాయి. పెన్సిలిన్ జాతి మందు వాటిని ఊడ్చేస్తుంది. ఖాళీ అయిన చోట క్లాస్ట్రీడియం అనే చెడ్డ బాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. పిల్ల చచ్చిపోయేది ఆ విషానికి. మోతాదు తగ్గించి పోస్తే ఫరవాలేదా అని అడగకండి. చుక్క కూడా వద్దు.

సీసా మీద పేరు చదవండి. చివర "సిలిన్" అని ఉంటే పక్కన పెట్టేయండి: అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లావులనేట్ కలిపిన అమాక్సిసిలిన్, పెన్సిలిన్. "సెఫ" అని మొదలైనా అంతే: సెఫలెక్సిన్, సెఫిక్సిమ్. ఎరిత్రోమైసిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్ కూడా నోటితో వద్దు. పుండు మీద రాసే ఆయింట్‌మెంట్‌లో ఇవి ఉన్నా నాకేస్తుంది, అదీ నోటితో తాగించినట్టే. మెడికల్ షాపు అబ్బాయి "చిన్నపిల్లలకే ఇస్తామండి, దీనికేం కాదు" అంటాడు. అతను చెప్పేది మనుషుల పిల్లల గురించి.

మన ఊళ్లలో పశువుల డాక్టర్లు పొద్దుటి నుంచి గేదెల్ని, ఆవుల్ని చూస్తారు. వాళ్ల అల్మరాలో పెన్సిలిన్ ముందు వరసలోనే ఉంటుంది. కాబట్టి మర్యాదగానే ముందు చెప్పండి: "సార్, ఇది గినీ పిగ్ అండి, పెన్సిలిన్ జాతి పడదట, వేరేది చూడండి." మంచి డాక్టర్ ఎవరూ దీనికి నొచ్చుకోరు. సాధారణంగా ఎన్రోఫ్లాక్సాసిన్, సల్ఫా-ట్రైమెథోప్రిమ్, డాక్సీసైక్లిన్ లాంటివి వాడతారు. ఎదిగే పిల్లకి ఎన్రోఫ్లాక్సాసిన్ వల్ల కీళ్లకి ఇబ్బంది రావచ్చు, ఆ బేరీజు ఆయనే వేయాలి.

ఎన్రోఫ్లాక్సాసిన్ పేరు వినగానే కోళ్ల ఫారాలున్న వాళ్ల మొహాలు వెలుగుతాయని నాకు తెలుసు. మీ షెడ్డులో ఉన్నది 10 శాతం ద్రావణం, అంటే మిల్లీలీటర్‌కి 100 మిల్లీగ్రాములు. వేల కోళ్ల నీళ్ల ట్యాంకులో కలిపే సరుకు. ఒక్క చుక్కలో సుమారు 5 మిల్లీగ్రాములు ఉంటుంది, పావుకిలో పిల్లకి ఆ ఒక్క చుక్కే ఎక్కువ. పైగా అది ఘాటు క్షారం, నోరు కాలుతుంది. ముట్టుకోకండి.

ఆవిరి పట్టడం, బామ్ రాయడం, తులసిరసంలో తేనె కలిపి నాకించడం గురించి అడిగిన వాళ్లందరికీ కలిపి ఒకటే జవాబు: వద్దు.

డాక్టర్ దొరికే లోపల మీరు చేయాల్సింది తిండి చూడటం. గినీ పిగ్ పేగు ఆగకూడదు. పూట తిండి మానేస్తే కంగారు పడాలి, రోజు మానేస్తే ప్రమాదం. పెల్లెట్లు, అంటే గుళికల మేత, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తగా చిదిమి, సూది తీసేసిన 1 మి.లీ. సిరంజితో ఇవ్వండి. పిల్లని తువ్వాలులో చుట్టి ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోండి, వెల్లకిలా వద్దు. ముందు పళ్ల వెనక, పక్క నుంచి సిరంజి పెట్టి కొంచెం కొంచెంగా వదలండి. నమిలి మింగాకే మళ్లీ. మూడు నాలుగు గంటలకోసారి, రోజు మొత్తం మీద పావుకిలో పిల్లకి 15 మి.లీ. దాకా. డొక్కలు ఎగరేస్తూ రొప్పుతున్న పిల్లకి మాత్రం నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దాన్ని తీసుకుని పరుగెత్తడమే.

బైక్ మీద ఎదురుగాలికి తీసుకెళ్లకండి. గాలి రంధ్రాలున్న పెట్టె, లోపల తువ్వాలు, గుప్పెడు గరిక, ఆటోలో ఒళ్లో. దగ్గర్లో చూసేవాళ్లు లేకపోతే గన్నవరం పశువైద్య కళాశాల ఉంది. భీమవరం నుంచైనా దూరమే, కాబట్టి సాయంత్రం దాకా చూసి బయల్దేరదామనుకోకండి.

అభ్యాసం. ఇది కష్టంగానే ఉంటుంది, ముందే చెబుతున్నా. వారం రోజులు, పొద్దున మేత వేయకముందు వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద గిన్నె పెట్టి, సున్నా చేసి, పిల్లని తూచండి. తర్వాత అరగంట వదిలేసి ఊపిరి స్లో మోషన్‌లో తీయండి. రాత్రి ఇంకోసారి ఊపిరి. ప్రతిసారీ గది వేడి కూడా, పంజరం ఎత్తులో పెట్టిన థర్మామీటర్‌తో. నాలుగు గళ్లు గీసి నోటు పుస్తకంలో రాయండి, ఫోన్‌లో కాదు, తడి చేతులతో ఫోన్ తీయరు మీరు. ఎదిగే పిల్ల బరువు వారం తిరిగేసరికి పెరిగి ఉండాలి. వరసగా రెండు రోజులు తగ్గితే తుమ్ము లేకపోయినా డాక్టర్‌కి చూపించండి. ఈ వారంలోనే ఇంకో పని: మీ ఊరి నుంచి గంట దూరంలో కుందేళ్లనీ గినీ పిగ్‌లనీ చూసే డాక్టర్ ఎవరున్నారో ఫోన్ చేసి కనుక్కోండి, ఆదివారం ఉంటారా లేదా కూడా అడగండి. పిల్ల బాగున్నప్పుడే. సున్నా రాసిన భీమవరం కుర్రాడు ఇవన్నీ రెండుసార్లు చేయాలి.

వచ్చే పాఠంలో గోళ్లు. కత్తెర ఇప్పుడే కొనకండి, మనుషుల గోళ్ల కట్టరే చాలు.