బూడిద పైపు అరుగుదల: గేజ్ రీడింగ్ తేడాగా వస్తే

కృష్ణపట్నం వైపు థర్మల్ ప్లాంట్లలో బూడిద నీళ్లు మోసే స్టీలు పైపులు లోపలి నుంచి అరుగుతాయి. కోయకుండా మందం చూడాలంటే అల్ట్రాసోనిక్ గేజే దిక్కు. శబ్దం లోపలి గోడ దాకా వెళ్లి తిరిగొచ్చే సమయాన్ని అది పట్టుకుంటుంది. స్టీల్లో వేగం సెకనుకు సుమారు 5,900 మీటర్లుగా పెట్టుకుని లెక్క కడుతుంది.

సమస్య: రీడింగే రాదు.
ఉప్పుగాలికి పైన పెచ్చులు కట్టిన తుప్పు కారణం కావచ్చు. వైర్ బ్రష్‌తో గీకి, గేజ్‌కూ పైపుకూ మధ్య గాలి లేకుండా శబ్దాన్ని దాటించే జెల్ మళ్లీ పూయండి.

సమస్య: కొత్త పైపు కన్నా మందం ఎక్కువ చూపిస్తోంది.
ప్రోబ్‌ను, అంటే పైపుకు ఆనించే గేజ్ కొసను, పెయింట్ మీద పెట్టి ఉంటారు. పెయింట్‌లో శబ్దం నెమ్మదిగా, స్టీల్లో వేగానికి సగం కన్నా తక్కువతో నడుస్తుంది. అందుకే 0.4 మి.మీ. పెయింట్ దాదాపు 1 మి.మీ. స్టీలుగా లెక్కలోకి ఎక్కుతుంది. ఆ చోట రంగు గీకేయండి, లేదా ఎకో-టు-ఎకో మోడ్ (వరుస ప్రతిధ్వనుల మధ్య సమయాన్నే కొలిచి పెయింట్‌ను లెక్కలోంచి తీసేసేది) ఉంటే పెట్టండి. పైపు వేడిగా ఉన్నా రీడింగ్ కాస్త ఎక్కువే వస్తుంది.

సమస్య: ఒకే చోట అంకె గెంతుతోంది.
ప్రోబ్ నడుమ కనిపించే గీత పైపు పొడవుకు అడ్డంగా ఉండాలి. అట్లా పెట్టి, మెల్లగా అటూ ఇటూ ఊపి, వచ్చినవాటిలో తక్కువది రాసుకోండి.

సమస్య: చుట్టూ 3, 2.5, 2 మి.మీ. అని తగ్గుతూ వచ్చి, మధ్యలో హఠాత్తుగా 2.4.
టెన్షన్ పడాల్సింది ఇక్కడే. అక్కడ మిగిలింది 1.2 మాత్రమే కావచ్చు. గోడ మరీ పలచనైతే మామూలు జంట ప్రోబ్ (ఒక సగం శబ్దం పంపి, రెండో సగం అందుకునేది) మొదటి ప్రతిధ్వనిని వదిలేసి రెండోదాన్ని పట్టుకుంటుంది, అంకె రెట్టింపవుతుంది. అరిగే పైపు లావెక్కదు కదా! స్టెప్ బ్లాక్‌లో (తెలిసిన మందాల మెట్లున్న స్టీలు ముక్కలో) 1 మి.మీ. మెట్టు మీద పెట్టి మీ ప్రోబ్ ఎంత చెబుతుందో చూడండి. 2 అంటే ఆ పనికి అది పనికిరాదు. ఎక్కువ ఫ్రీక్వెన్సీ ప్రోబ్, తరంగం తెరమీద కనిపించే గేజ్ తెప్పించండి.

సమస్య: రీడింగులన్నీ బాగున్నాయి, అయినా పైపు కారింది.
చేతికి అందిన పైభాగాన్నే కొలిచి ఉంటారు. బూడిద అడుగున రాసుకుంటూ పోతుంది. బెండ్ దగ్గర బయటి వంపును కొడుతుంది. ఆ రెండు చోట్లా, వాల్వు దాటిన వెంటనే, వెల్డింగు పక్కన సుద్దముక్కతో గళ్లు గీసి, ప్రతిసారీ అవే గళ్లలో కొలవండి. అడుగు మాత్రమే అరిగి తక్కిన చుట్టు గట్టిగా ఉంటే పైపును మార్చక్కర్లేదు. షట్‌డౌన్‌లో తిప్పి బిగిస్తే చాలు.