నొక్కకుండానే పేలిన తుపాకీ: సమస్య - పరిష్కారం

"తుపాకీ మిస్‌ఫైర్, కానిస్టేబుల్‌కు గాయం" అని పేపర్లో తరచూ చూస్తాం. అక్కడ మిస్‌ఫైర్ అన్న మాటే తప్పు. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే అది మిస్‌ఫైర్. ఇక్కడ జరిగింది దానికి ఉల్టా. తుపాకీ చెడిపోయి దానంతటది పేలడం అరుదు. చాలాసార్లు ట్రిగ్గర్ మీద వేలు ఉంటుంది, అది మనం చెప్పకుండానే బిగుసుకుంటుంది. కండరాల పనితీరును పరిశోధించిన అమెరికా శాస్త్రవేత్త రోజర్ ఎనోకా 2003లో ఇందుకు మూడు సందర్భాలు చూపించారు: రెండో చెయ్యి బిగించడం, ఒళ్లు తూలడం, ఉలిక్కిపడటం. ఈ మూడింటినీ సాధనతో మాన్పించలేం. మార్చగలిగింది వేలు ఉండే చోటునే.

సమస్య: ఎడమచేత్తో నిందితుణ్ణి పట్టుకుంటే కుడిచేతిలో పిస్టల్ పేలింది

కారణం: ఒక చెయ్యి బలంగా బిగిస్తే ఆ బిగింపు కొంత రెండో చేతికీ పాకుతుంది. పైగా మిగతా వేళ్లు ముడుచుకుంటుంటే చూపుడువేలిని ఒక్కదాన్నే వదులుగా ఉంచడం కష్టం.

నమ్మకం కుదరకపోతే తుపాకీ అక్కర్లేకుండానే చూసుకోవచ్చు. పల్చటి లీటరు వాటర్ బాటిల్‌ను అంచుదాకా నింపి, మూత తీసేసి, జారిపోనంత వదులుగా కుడిచేత్తో పట్టుకోండి. ఎడమచేతిలో మడిచిన తువ్వాలు పెట్టుకుని ఒక్కసారిగా గట్టిగా పిసకండి. బాటిల్ మూతి దగ్గర నీళ్లు పైకి లేచాయా? అది మీ కుడిచెయ్యి మిమ్మల్ని అడక్కుండా చేసిన పని. లేవకపోయినా ధీమా వద్దు. మీరిప్పుడు కుర్చీలో నింపాదిగా ఉన్నారు, పెనుగులాటలో లేరు.

మామూలు గ్లాక్ పిస్టల్ ట్రిగ్గర్ లాగడానికి సుమారు రెండున్నర కిలోల బలం చాలు. ట్రిగ్గర్ లాగితేనే సుత్తి వెనక్కి లేచి పడే డబుల్ యాక్షన్ రివాల్వర్‌కు దాదాపు అయిదు కిలోలు కావాలి. పెద్ద మగమనిషి పిడికిలి బలం 30 కిలోలు దాటుతుంది. అందుకే ట్రిగ్గర్ లాగడానికి కావాల్సిన బలం పెంచితే ప్రమాదం తగ్గుతుందేమో గానీ పోదు.

పరిష్కారం: వేలు చాచి, ట్రిగ్గర్ గార్డ్‌కు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడ్డీకి) పైన, ఫ్రేమ్ (తుపాకీ చట్రం) పక్కన ఆనించాలి. గార్డ్ ముందంచు మీద పెట్టడం చాలామందికి అలవాటు, అది మానుకోవాలి. చెయ్యి బిగిస్తే వేలు అక్కణ్నుంచి లోపలికే జారుతుంది. బేడీలు వేసే మనిషి చేతిలో పిస్టల్ ఉండకూడదు. ముందు హోల్‌స్టర్‌లో (నడుముకుండే ఒరలో) పెట్టి అప్పుడు చెయ్యి వెయ్యాలి, కవర్ ఇచ్చే పని రెండో మనిషిది.

సమస్య: మెట్ల మీద, గట్టు మీద కాలు జారితే పేలింది

కారణం: పడబోతున్నప్పుడు చేతిలో ఏముంటే దాన్ని గట్టిగా పట్టుకుంటాం. క్యాష్ వ్యాన్ ఎక్కి దిగే బ్యాంకు గార్డులకు ఇది రోజువారీ ముప్పే. వాళ్ల 12 బోర్ డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకీలో సేఫ్టీ ఉందిగా అనుకుంటారు. చాలా డబుల్ బ్యారెల్ తుపాకుల్లో ఆ సేఫ్టీ ట్రిగ్గర్‌నే ఆపుతుంది, తూటాను పేల్చే లోపలి సుత్తిని కాదు. గట్టి దెబ్బ తగిలితే ఆ భరోసా కూడా ఉండదు.

పరిష్కారం: వ్యాన్ ఎక్కేముందు, గోడ దాటేముందు తుపాకీని మడత దగ్గర విరిచి (తెరిచి) రెండు కార్ట్రిడ్జ్‌లూ తీసెయ్యాలి. జారిపోతున్న పిస్టల్‌ను గాల్లో పట్టుకోబోవద్దు. నేటి పిస్టళ్లలో చాలావాటికి కింద పడినా పేలకుండా లోపల అడ్డు ఉంటుంది. ఆత్రంగా చాచిన వేలు మాత్రం నేరుగా ట్రిగ్గర్‌లోకే వెళ్తుంది. పడనివ్వండి.

సమస్య: పక్కన టపాకాయ పేలితే తుపాకీ కూడా పేలింది

కారణం ఉలికిపాటు. కళ్లు మూసుకుపోతాయి, భుజాలు లేస్తాయి, మోచేతులు వంగుతాయి, పిడికిళ్లు బిగుస్తాయి. రెప్ప వాలడానికి 50 మిల్లీసెకన్లు కూడా పట్టదు. ఆలోచించి స్పందించడానికి దాదాపు 200 కావాలి. "నేను కంగారుపడను" అనే అనుభవజ్ఞులకు ఈ లెక్క ఒకసారి చూపించాలి. పరిష్కారం పైదే: కాల్చాలని తేల్చుకునేదాకా వేలు బయట, తుపాకీ మొన మనుషుల్లేని వైపు.

సమస్య: శుభ్రం చేస్తుంటే పేలింది

దీనికి రిఫ్లెక్స్‌తో పని లేదు, వరస తప్పడమే. మ్యాగజైన్ (తూటాల డబ్బా) ఉండగానే స్లైడ్ (పిస్టల్ పైభాగం) లాగితే ఒక తూటా బయటికొచ్చి, ఇంకోటి ఛాంబర్‌లోకి (తూటా పేలే అరలోకి) వెళ్తుంది. ముందు మ్యాగజైన్ తియ్యాలి, తర్వాత స్లైడ్ లాగాలి, ఆపైన ఛాంబర్‌ను కంటితో చూసి వేలితో తడమాలి. గ్లాక్ విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కక తప్పదు కాబట్టి దాని విషయంలో ఇది రెండుసార్లు చెయ్యాలి.

సమస్య: కాల్పుల సాధన రేంజ్‌లో కాలిన ఖోళీ (పేలిన తూటా తొడుగు) చొక్కాలో పడితే చిందులు

కాలర్‌లోకి దూరిన వేడి ఖోళీ ఒంటికి తగలగానే చెయ్యి అటే లేస్తుంది, చేతిలో తుపాకీ ఉందన్న ధ్యాస ఉండదు. టోపీ, పైదాకా బొత్తాలు పెట్టిన కాలర్ సగం పని చేస్తాయి. అయినా పడిందా, కాలితే కాలనీ: వేలు బయటికి, మొన టార్గెట్ వైపే ఉంచి తుపాకీ బల్ల మీదికి, ఆ తర్వాతే చొక్కా దులుపుకోవాలి.

సమస్య: కాల్చిన తూటాలన్నీ కిందికి, ఎడమకు పోతున్నాయి

కుడిచేతివాటం వాళ్ల ఫిర్యాదు ఇది. గురి చూసే సైట్ తిప్పి సరిచేద్దామని చూస్తారు, దండగ. చప్పుడుకీ కుదుపుకీ ముందే భయపడి ఒళ్లు బిగబట్టి మొనను కిందికి తోస్తున్నారు. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, అలవాటైంది, కాబట్టి పోతుంది.

మ్యాగజైన్‌లో పది వేస్తే మూడు డమ్మీలు (పేలని ఉత్తుత్తి తూటాలు) ఉండాలి, ఎక్కడున్నాయో మీకు తెలియకుండా వేరేవాళ్లు నింపాలి. డమ్మీ వచ్చినప్పుడు 'టిక్' మంటుంది, మొన కిందికి దిగుతుంది, లోపం కంటికి కనబడుతుంది. అయితే 'టిక్' మన్న ప్రతిసారీ అది డమ్మీయే అనుకోవద్దు. నిజమైన మిస్‌ఫైర్ కూడా కావచ్చు, ఆలస్యంగా పేలనూవచ్చు. 30 సెకన్లు మొన టార్గెట్ వైపే ఉంచి అప్పుడు ఆ తూటా తియ్యండి. చెవికి ప్లగ్గులు పెట్టి వాటిపైన మఫ్స్ (చెవులను మూసే డిప్పలు) వేసుకోండి, కొన్నాళ్లు .22కు (చిన్న తూటా తుపాకీకి) దిగండి. ఇంట్లో ఖాళీ తుపాకీతో సాధన చేస్తే తూటాలు వేరే గదిలో ఉండాలి. .22ను మాత్రం డమ్మీ లేకుండా కొట్టొద్దు, పిన్ను తగిలి ఛాంబర్ అంచు దెబ్బతినొచ్చు.